మా పిల్లగాడికి ప్రత్యేక విద్య వస్తదా? నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

దేవరకొండ వైపు ఒక భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో పనిచేస్తాను. కాగితాల మీద మా ఉద్యోగం పేరు ఐఈఆర్పీ, అంటే ప్రత్యేక టీచరు. ఊళ్లల్లో మాత్రం ‘భవిత మేడం’ అంటేనే తెలుస్తుంది. జూన్‌లో బడులు తెరిచారంటే నా ఫోన్ ఖాళీగా ఉండదు. నల్లగొండ వైపు నుంచి చేసినా, అచ్చంపేట, కల్వకుర్తి వైపు నుంచి చేసినా, బుద్ధిమాంద్యం ఉందేమోనన్న పిల్లల గురించి ప్రశ్నలు దాదాపు అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. చాలామంది వైకల్య సర్టిఫికెట్‌నూ చదువునూ ఒకదానికొకటి ముడిపెట్టి, మొదటిది చేతికొచ్చేదాకా పిల్లలను ఇంట్లోనే కూర్చోబెడుతున్నారు. కింది జవాబుల్లో సగం ఆ ముడి విప్పడానికే.

బుద్ధిమాంద్యం అని ఎవరిని అంటారు? చదువు రానోళ్లందరినీనా?

కాదు. రెండు సంగతులు కలిసి ఉండాలి. ఒకటి, నేర్చుకోవడం, ఆలోచించడం, చిక్కు వస్తే దారి వెతుక్కోవడం వయసుకు తగ్గట్టు లేకపోవడం. రెండోది, రోజువారీ పనుల్లో, అంటే తిండి, బట్టలు, మాట, డబ్బు, నలుగురితో మెలగడంలో తోటి పిల్లలకంటే బాగా వెనుకబడి ఉండడం. ఈ రెండూ చిన్నప్పటినుంచే కనబడాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఇదొకటి. ఆఫీసు భాషలో మేధో వైకల్యం అంటారు.

ఇద్దరు పిల్లల సంగతి చెప్తాను. ఇద్దరికీ పదకొండేళ్లు, ఇద్దరికీ చదవడం రాదు. ఒకడు ‘క్క’కు ‘క్త’కు తేడా పట్టలేడు, నోటుబుక్కు తీస్తే చెమటలు పడతాయి. కానీ తాతతో సంతకు పోతే మేకపిల్ల బేరం వాడే చేస్తాడు, మూడు వేల ఆరువందల్లోంచి అడ్వాన్సు తీసేసి ఎంత రావాలో నోటితోనే చెప్తాడు. రెండో పాపకు ఇరవై రూపాయలిచ్చి ఉప్పు ప్యాకెట్ తెమ్మంటే దుకాణం దాకా పోతుంది. అక్కడ ఎందుకొచ్చిందో మర్చిపోతుంది, లేదంటే డబ్బులిచ్చి ఉప్పు లేకుండానే తిరిగొస్తుంది. జడ వేసుకోవడం, గుండీలు పెట్టుకోవడం ఇంకా అమ్మే చేయాలి. బడి రిజిస్టర్‌లో ఇద్దరి మార్కులూ ఒకటే. నా లెక్కలో మొదటివాడిది నేర్చుకోవడంలో వేరే రకం ఇబ్బంది, చట్టంలో దానికి వేరే పేరుంది. బుద్ధిమాంద్యం ఉందేమో అని చూడాల్సింది పాపకు.

బడిలో వెనుకబడ్డడని సార్లు అంటున్నరు. మొట్టమొదట ఏం చూపించాలె?

చెవులు. తర్వాత కళ్లు.

ఇది తమాషాకు చెప్తున్న మాట కాదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక పిల్లవాడిని ‘మందబుద్ధి’ అని రాసి పంపారు. పిలిస్తే పలకడు, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్తాడు. పక్కన కూర్చుంటే చెవిలోంచి వాసన వచ్చింది. రెండేళ్లుగా చీము కారుతోందట. ఇంట్లో కొబ్బరినూనె పోస్తున్నారు. చెవి డాక్టరు దగ్గర వైద్యం చేయించాక వాడు పూర్తిగా మారిపోయాడని చెప్పను, కానీ వాడిది బుద్ధిమాంద్యం కాదు. అది తేలకుండా ముద్ర పడిపోయి ఉంటే జీవితాంతం మోసేవాడు.

చెవి, కన్ను చూపించాక థైరాయిడ్, రక్తహీనత, ఫిట్స్ సంగతి కూడా డాక్టరుతో మాట్లాడండి. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉండి మందు వాడకపోతే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. అదే మొదట్లోనే పట్టుకుంటే ఒక మాత్రతో ఆపగలిగేది. కొన్ని రకాల ఫిట్స్ పక్కవాళ్లకు కనబడవు. పిల్లవాడు పది సెకన్లు అలా చూస్తూ ఉండిపోతాడు, టీచరేమో ధ్యాస లేదంటారు.

మేము ఆర్నెల్లు బొంబాయిల, ఆర్నెల్లు ఊర్ల. మా వాడికి అక్షరం రాదు. వాడిది గీ జబ్బేనా?

పాలమూరు వలస కుటుంబాల నుంచి ఈ ప్రశ్న ఏటా వస్తుంది. అక్షరం నేర్పనే లేదు కదా, రాకపోవడం వాడి తప్పెట్లా అవుతుంది? బడికి పోకపోవడం వల్ల వచ్చిన వెనుకబాటు వేరు, బుద్ధిమాంద్యం వేరు. అందుకే మేము బడి చదువును పక్కనపెట్టి అడుగుతాం. పని జరిగే చోట తమ్ముణ్ణి చూసుకుంటాడా? కొత్త ఊళ్లో నీళ్ల ట్యాంకు ఎక్కడుందో ఒకసారి చూపిస్తే రెండోసారి పోగలడా? కొత్త ఆట ఎన్ని రోజుల్లో నేర్చాడు? ఇవన్నీ వయసుకు తగ్గట్టే ఉంటే వాడికి కావలసింది వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనుకబడ్డ చదువును పట్టించడం. విద్యాహక్కు చట్టం అదే చెప్తోంది. తొమ్మిదేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇవి కూడా రాకపోతే అప్పుడు పరీక్ష చేయించాలి. వలస పోయేముందే మాకు చెప్పండి. కాగితాలు మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటికి రావడం చాలాసార్లు చూశాను.

ఇంట్లో లంబాడీ మాట్లాడతం. తెలుగుల అడిగితే మా బిడ్డ నోరు విప్పదు.

దయచేసి ఈ మాట పరీక్ష గదిలోకి పోయేముందే చెప్పండి, సిగ్గుపడకండి. చందంపేట, డిండి, అచ్చంపేట తండాల్లో పిల్లలు యాడి అని పిలుస్తూ పెరుగుతారు. బడికొచ్చాకే ‘అమ్మ’ అనే మాట పుస్తకంలో కనబడుతుంది. ఇప్పుడు దాని మీద ఇంగ్లిష్ మీడియం. ఆరేళ్ల పిల్లకు మూడో భాషలో ప్రశ్న అడిగి, జవాబు రాలేదని తెలివి తక్కువ అనడం అన్యాయం. ఇంటి భాష తెలిసిన మనిషి పక్కన ఉండాలని అడిగే హక్కు మీకుంది.

మాటలు అక్కర్లేని పరీక్షలు కూడా ఉన్నాయి. సెగ్విన్ ఫారం బోర్డు అని ఒక చెక్క పలక ఉంటుంది. అందులో పది ఆకారాల గుంటలు: గుండ్రం, నక్షత్రం, చతురస్రం వగైరా. ముక్కలు తీసి పక్కన పేర్చుతారు, ఎంత తొందరగా వాటి గుంటల్లో పెడతారో సెకన్లలో చూస్తారు. ఏడేళ్ల తండా పిల్ల ఒకతి తెలుగు ప్రశ్నలకు బిగుసుకుపోయింది, ఈ పలక ఇవ్వగానే చకచకా నింపేసి మళ్లీ ఆడతానని చెయ్యి చాపింది. ఆ ఒక్కటి చూసి అంతా తేల్చరు, కానీ పరీక్ష చేసే మనిషి మనసులో మొదట పడ్డ లెక్క అక్కడే మారింది.

మర్రిగూడ దిక్కు మాది. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కాళ్లు వంకర పోయినయి. బుద్ధిమాంద్యం కింద రాయొచ్చా?

రాయకూడదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ ఎముకలనూ పళ్లనూ ఎట్లా పాడుచేసిందో అందరికీ తెలుసు. నడవలేని పిల్లను బడికి తేలేక ఇంట్లో ఉంచితే నాలుగేళ్లకు ఆ పిల్ల నిజంగానే ఏమీ రానిదానిలా కనబడుతుంది. కాళ్లు వంగాయి తప్ప తెలివి వంగలేదు. అట్లాంటి పాపకు చలన వైకల్యం కింద సర్టిఫికెట్ వస్తుంది. మా దగ్గర ఫిజియోథెరపీ, బడికి తోడు తెచ్చేవాళ్ల ఖర్చుకు ఎస్కార్ట్ అలవెన్స్ దొరుకుతాయి. రెండూ ఉన్నాయనిపిస్తే రెండూ పరీక్షించి బహుళ వైకల్యం అని రాస్తారు.

ఫ్లోరైడ్ ఎక్కువైతే తెలివి మీద కూడా పడుతుందా అని పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. అర్హత తేల్చేటప్పుడు మాత్రం కారణం ఏంటని చూడరు, పిల్ల ఇప్పుడు ఏం చేయగలుగుతోంది అనే చూస్తారు.

అసలు ఎవరు తేలుస్తారు? టీచరా, డాక్టరా?

ఒక్కరే తేల్చరు, తేల్చకూడదు కూడా. మొదటి అనుమానం సాధారణంగా అంగన్‌వాడీ టీచరుకో, ఒకటో తరగతి టీచరుకో వస్తుంది. 2022 నుంచి బళ్లల్లో ప్రశస్త్ అనే యాప్ ఉంది. మొదటి భాగం తరగతి టీచర్లు నింపుతారు, అనుమానం తేలిన పిల్లలకు రెండో భాగం మావంటి ప్రత్యేక టీచర్లు చూస్తారు. అది వడపోత మాత్రమే. యాప్‌లో పేరు వచ్చినంత మాత్రాన ‘తేలిపోయింది’ అనుకోవద్దు.

ఇంకో దారి ఆర్బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం. 2013లో మొదలైన ఈ కార్యక్రమంలో బళ్లకు, అంగన్‌వాడీలకు డాక్టర్లు వచ్చి 18 ఏళ్లలోపు పిల్లలను చూస్తారు. అనుమానమున్న వాళ్లను డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకుని సాయం చేసే జిల్లా కేంద్రానికి పంపుతారు. ఆ తర్వాత సైకాలజిస్టు పరీక్షలు చేస్తారు. సర్టిఫికెట్ మీద సంతకాలు పెట్టేది మెడికల్ బోర్డు. అందులో పిల్లల డాక్టరో మానసిక వైద్యులో ఒకరు, వాళ్లతోపాటు శిక్షణ పొందిన సైకాలజిస్టు ఉండాలి.

బడిలో ఏ సాయం ఇవ్వాలన్నది మాత్రం మీరు, తరగతి టీచరు, మేము కూర్చుని తేల్చుకునే పని. అది డాక్టరు చీటీలో ఉండదు.

ఐక్యూ అంటే ఏంది? ఒక్క నంబరుతోని తేల్చేస్తరా?

ఐక్యూ అంటే తెలివిని అంచనా వేసే పరీక్షలో వచ్చే నంబరు. బినే-కామత్ పరీక్ష, మాలిన్ పరీక్ష అని మన దగ్గర ఎక్కువగా వాడేవి ఉన్నాయి. బినే-కామత్ లెక్క తేలిక. పదేళ్ల పిల్లవాడు ఆరేళ్ల వాళ్లు చేయగలిగిన దగ్గరే ఆగిపోతే, ఆరును పదితో భాగించి నూరుతో గుణిస్తారు, 60 వస్తుంది. 70 కంటే తక్కువ వస్తే బుద్ధిమాంద్యం ఉండే అవకాశం ఉందంటారు.

‘ఉండే అవకాశం’ అన్నది గమనించండి. ఆ నంబరు ఒక్కటే సరిపోదు. ఇంకో కొలత కావాలి, దాన్ని సోషల్ మెచ్యూరిటీ స్కేల్ అంటారు. వైన్‌లాండ్ అనే పేరుతో ఉన్న దానికి మాలిన్ చేసిన భారతీయ రూపం అది. 89 అంశాలు, 8 విభాగాలు: తినడం, బట్టలు వేసుకోవడం, తన పని తాను చూసుకోవడం, పని, మాట, తిరగడం, కలిసిమెలిసి ఉండడం, సొంతంగా నిర్ణయించుకోవడం. ఇందులో పిల్లవాడికి పరీక్షేమీ ఉండదు, వాడిని బాగా తెలిసిన మనిషిని కూర్చోబెట్టి అడుగుతారు. తల్లి చెప్పే జవాబుల మీదే ఇదంతా నిలుస్తుంది. అందుకే తర్వాతి ప్రశ్న చదవండి.

డాక్టరు అడిగినప్పుడు ‘అన్నీ చేస్తడు’ అనాల్నా, ‘ఏమీ రాదు’ అనాల్నా?

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కష్టమే, నాకు తెలుసు.

ఒకసారి ఒక తల్లితో నేనూ పోయాను. ‘సొంతంగా తింటాడా?’ అని అడిగారు. ‘తింటడు సార్, శుభ్రంగ తింటడు’ అంది. రాసుకున్నారు. పక్కన అవ్వ ఊరుకోలేదు: ‘ఏం తింటడు? నువ్వు కలిపి, ముద్దలు చేసి పళ్లెంల పెడితే నోట్ల పెట్టుకుంటడు. కూర, అన్నం వేరుగ పెడితే కూరంతా ముందుగాలనే తింటడు.’ తల్లి అబద్ధం చెప్పలేదు. ఎన్నో ఏళ్లుగా ముద్దలు కలపడం ఆమెకు అలవాటైపోయింది, అదొక సాయం అని ఆమెకు తోచలేదు. ‘స్నానం చేస్తడు’ అంటే బకెట్ నింపి, సబ్బు రాసి, నీళ్లు పోస్తే నిలబడతాడని అర్థమై ఉండొచ్చు.

ఇంకో రకం కూడా ఉంది. పింఛన్ కోసం ‘ఏమీ రాదు, ఏమీ రాదు’ అని చెప్పేవాళ్లు. పిల్లవాడు విన్నాడంటే చాలు, ఆ మాట మనసులో పెట్టుకుంటాడు. పైగా తక్కువ స్థాయిలో రాయించుకుంటే బడిలో కూడా వాడి ముందు తక్కువ పని పెడతారు.

నా సలహా ఒకటే. వారం ముందు నుంచి ఒక కాగితం మీద రాసుకోండి: ఏ పని తానే మొదలుపెట్టి తానే ముగిస్తాడు, ఏది చెప్తే చేస్తాడు, ఏది చెయ్యి పట్టి చేయించాలి. మీకు రాయడం రాకపోతే పెద్దబిడ్డతో రాయించండి. కుదిరితే అవ్వను కూడా తీసుకుపోండి.

సర్టిఫికెట్ మీద శాతం ఎట్ల వేస్తరు?

2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, పైన చెప్పిన సోషల్ మెచ్యూరిటీ స్కోరును బట్టి కింది లెక్క పెట్టారు; 2024లో వాటి స్థానంలో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, ఇప్పటి లెక్క బోర్డు దగ్గర అడగండి. 70 నుంచి 84 మధ్య వస్తే సరిహద్దు స్థాయి, 25 శాతం. 55 నుంచి 69 అయితే స్వల్పం, 50 శాతం. 36 నుంచి 54 మధ్యస్థం, 75 శాతం. అంతకంటే తక్కువ, 21 దాకా తీవ్రం, 90 శాతం. 20 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే అతి తీవ్రం, 100 శాతం.

చాలామంది 75 అని చూసి ‘డెబ్బై ఐదు వంతులు బుద్ధి పోయిందా మేడం’ అని ఏడుస్తారు. అట్లా కాదు. అది పథకాలకు గీత గీయడానికి పెట్టుకున్న లెక్క. పిల్లవాడికి ఎంత నేర్పవచ్చో చెప్పే లెక్క కాదు.

మావోనికి 25 శాతమే వచ్చింది. ఇగ ఏ సాయం రాదా?

పింఛన్ రాదు, ఎందుకంటే దానికి 40 శాతం ఉండాలి. చదువులో సాయం వస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 16, 17 సెక్షన్లు దివ్యాంగ పిల్లలందరికీ వర్తిస్తాయి, 40 శాతం గీత పెట్టలేదు. 31వ సెక్షన్ మాత్రం 40 శాతం పైనున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచిత విద్య అంటుంది. ఈ సరిహద్దు పిల్లల మీదే నాకు ఎక్కువ దిగులు. చూడటానికి అందరిలాగే ఉంటారు, పేరు ఏ జాబితాలోనూ ఉండదు, సార్లు ‘బద్ధకం’ అంటారు, ఇంట్లో దెబ్బలు తింటారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి బడి మానేస్తారు.

సర్టిఫికెట్ రాకముందే భవితకు పంపొచ్చా?

పంపొచ్చు. రేపే పంపండి.

సదరమా, యూడీఐడీ కార్డా? ఏది చేయించాలె?

ఇదివరకు మీసేవలో సదరం క్యాంపుకు, అంటే రాష్ట్రం వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకు స్లాట్ బుక్ చేసుకునేవాళ్లం. ఇప్పుడు దరఖాస్తు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో పెట్టాలి, కార్డు దేశమంతా చెల్లుతుంది. జనం నోట్లో మాత్రం ఇంకా సదరమే ఉంది, నేనూ అట్లనే అంటాను. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బడి రిజిస్టర్‌తో కలుస్తున్నాయా చూసుకోండి. ఒక్క అక్షరం తేడాతో తిరిగొచ్చిన దరఖాస్తులు నా డ్రాయర్‌లో కట్టగా ఉన్నాయి.

పరీక్ష రోజు ఏం జాగ్రత్త పడాలె?

పిల్లవాడికి నిద్ర, తిండి సరిగా ఉండేట్టు చూడండి. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నాను. పొద్దున ఎనిమిదికి స్లాట్ అంటే నాలుగున్నరకు మొదటి బస్సు ఎక్కించాను. ఆసుపత్రికి పోయాక మధ్యాహ్నం ఒంటిగంట దాకా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. పిల్లవాడు ఒళ్లో నిద్రపోయాడు. పేరు పిలవగానే లేపి లోపలికి తీసుకుపోతే ‘నీ పేరేంది’ అన్నదానికి ఏడుపు ఒక్కటే. అయిదారు నిమిషాల్లో అయిపోయింది. వచ్చిన స్కోరు చూసి నేనే నమ్మలేదు. ఇంట్లో పాలప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసే పిల్లవాడిని తీవ్రం కింద రాశారు. మళ్లీ పరీక్ష చేయించుకోవడానికి ఏడు నెలలు పట్టింది.

ఇప్పుడైతే ముందురోజే పట్నంలో చుట్టాలుంటే అక్కడికి పొమ్మంటాను. సద్ది కట్టుకోండి, బొమ్మ పట్టుకోండి. కళ్లద్దాలు, చెవి మిషన్ ఉంటే అవి లేకుండా పోవద్దు. ఫిట్స్ మాత్ర ఆపవద్దు. ఆ రోజు జ్వరముంటే, కొత్తగా మందు మార్చి మత్తుగా ఉంటే ఆ సంగతి రాయించండి. తేలిన దానితో మీకు సమ్మతి లేకపోతే పైకి అప్పీలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది.

ఎర్రగడ్డకు రాసిన్రు. మా బిడ్డకు పిచ్చి అని ముద్ర వేస్తరా?

ఎర్రగడ్డ పేరు వినగానే మన దగ్గర గుండె జారుతుంది. అక్కడ ఉన్నది మానసిక ఆరోగ్య సంస్థ. సైకాలజిస్టులు ఉంటారు కాబట్టి పంపుతారు. బుద్ధిమాంద్యం మానసిక జబ్బు కాదు. చట్టంలో కూడా వేర్వేరుగానే రాశారు. ఇంకో చోటు కూడా ఉంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ. పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అంటారు, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. ఈ పిల్లల కోసమే పెట్టింది కాబట్టి అక్కడ తీరిగ్గా చూస్తారు.

మా పాపకు మూడేండ్లు. మాటలు రాలే. ఇప్పుడే రాయిస్తరా?

ఏడాది నిండితే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. కానీ అయిదేళ్లలోపు ‘ఎదుగుదలలో ఆలస్యం’ అనే రాస్తారు, బుద్ధిమాంద్యం అని స్థిరపరచరు. అది మంచిదే, ఆ వయసులో పిల్లలు చాలా మారతారు. కాగితం సంగతి పక్కనపెట్టి ముందు డీఈఐసీకి తీసుకుపోయి థెరపీ మొదలుపెట్టండి. ‘వాళ్ల నాయినకు కూడ అయిదేండ్లకే మాటలొచ్చినయి’ అని ఆగిన వాళ్లను చూశాను. కొందరి విషయంలో అది నిజమే అయింది, కొందరి విషయంలో కాలేదు. ఎవరిది ఏదో ముందుగా చెప్పే మొనగాడు లేడు.

ఒకసారి అయిపోతే మళ్లా ఎందుకు పిలుస్తరు?

అయిదు, పది, పద్దెనిమిది ఏళ్ల దగ్గర మళ్లీ చూడాలి. పద్దెనిమిదిలో ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. 18 దాటాక బ్యాంకు, ఆస్తి వంటి వాటికి చట్టబద్ధమైన సంరక్షకులు కావాలి. దానికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టాలి. అదే చట్టం కింద నిరామయ అనే లక్ష రూపాయల ఆరోగ్య బీమా కూడా ఉంది. తక్కువమందికి తెలుసు, అడిగి చేయించుకోండి.

మామూలు బడా, స్పెషల్ స్కూలా, ఇంటి దగ్గరనా?

ఎంచుకోవాల్సింది మీరే. నన్నడిగితే స్వల్ప, మధ్యస్థ స్థాయి పిల్లలు ఊరి బడిలోనే ఉండాలంటాను. భవితకు కొన్ని రోజులు, బడికి కొన్ని రోజులు. రేపు వాడు బతకబోయేది ఆ ఊళ్లోనే కదా, తోటి పిల్లలు వాడిని ఎరిగి ఉండాలి. లేవలేని, తీవ్రమైన పిల్లలకు ఇంటి దగ్గర చదువు హక్కు అని 2012లో విద్యాహక్కు చట్టానికి సవరణ తెచ్చారు. మేం శనివారం ఇళ్లకు పోతాం. నిజం చెప్పాలంటే ఆ ఒక్క రోజు సరిపోదు. 2022లో కేంద్రం ప్రాథమిక స్థాయిలో పదిమంది ఇట్లాంటి పిల్లలకు ఒక ప్రత్యేక టీచర్ ఉండాలంది. మా మండలంలో ఇద్దరం ఉన్నాం, మిగతా లెక్క మీరే వేసుకోండి.

బడిల చేర్చుకోం అన్నరు. ‘మిగతా పిల్లలు పాడైతరు’ అంటున్నరు.

కాదనడం చట్టవిరుద్ధం. మొదట హెచ్ఎం గారితో మర్యాదగానే మాట్లాడండి, చాలాసార్లు భయంతోనే అంటారు. వినకపోతే ‘ఎందుకు చేర్చుకోవడం లేదో రాసివ్వండి’ అనండి. ఆ మాటకే సగం పని అయిపోతుంది. తర్వాత ఎంఈఓ, ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్ కూడా ఉన్నారు.

బడికి పంపితే పింఛన్ బందైతదా?

కాదు. ఎవరు పుట్టించారో గానీ ఈ పుకారు ప్రతి ఏడూ వస్తుంది. 40 శాతం పైనున్న పిల్లలకు వచ్చే 4,016 రూపాయలకూ బడి హాజరుకూ సంబంధం లేదు. పైగా బడికొచ్చే ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున స్టైపెండ్ ఉంది.

అర్హత తేలింది. ఇగ బడిల ఏం మారుతది?

వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాస్తాం. ‘లెక్కలు మెరుగుపరచాలి’ అని రాస్తే అది ప్రణాళిక కాదు. ఇందాకటి ఉప్పు ప్యాకెట్ పాపకు మేం రాసింది ఇది: దీపావళిలోపు పది రూపాయల నోటు, ఇరవై రూపాయల నోటు వేరుచేయాలి. సంక్రాంతిలోపు ఒక వస్తువు బొమ్మ చీటీ పట్టుకుని దుకాణానికి పోయి అదే తేవాలి. దుకాణం ఆయనకు ముందే చెప్పి పెట్టాం. మొదటి వారం చీటీ పారేసి చాక్లెట్ తెచ్చుకుంది. మూడో వారంలో ఉప్పు తెచ్చింది, చిల్లర మర్చిపోయింది. చిల్లర ఇంకా నడుస్తోంది.

పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి చట్టం చెప్పినవే. పదో తరగతి దాకా ఆగకండి, తొమ్మిదిలోనే కాగితాలు పెట్టండి. రెగ్యులర్ పది కష్టమనుకుంటే ఓపెన్ స్కూల్ ఉంది.

మేనరికం చేసుకున్నందుకేనా? చెర్వుగట్టుల అమాస నిద్ర చేస్తే తగ్గుతదంటరు.

దగ్గరి సంబంధంలో కొన్ని జన్యు సమస్యలు వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ కాన్పులో ఊపిరాడకపోవడం, పుట్టగానే ముదిరిన కామెర్లు, మెదడువాపు, డౌన్ సిండ్రోమ్... ఇవేవీ మేనరికం చూసి రావు. కోడలిని తిట్టడానికి ఈ కాగితం వాడకండి. మొక్కు సంగతంటారా, చెర్వుగట్టుకు పోండి, జాన్‌పహాడ్ దర్గాకు పోండి, నేను వద్దనను. ఫిట్స్ మాత్ర మాత్రం సంచిలో వేసుకుని పోండి.

భవితకు మొదటి రోజు ఏం తేవాలె?

ఆధార్, బడిలో చేరి ఉంటే అడ్మిషన్ నంబరు, పాత డాక్టరు చీటీలు ఎంత నలిగినా సరే. ఒక జత బట్టలు. వాడికి ఇష్టమైన వస్తువు ఏదైనా ఒకటి. పోయినేడు ఒక పిల్లవాడు వాళ్ల నాయిన ట్రాక్టర్ చాబీ గుత్తి వదలకుండా పట్టుకొచ్చాడు. పలక ఇస్తే విసిరేశాడు. ఆ గుత్తిలో నాలుగు చాబీలుంటే వాటినే ‘ఒకటి, రెండు’ అంటూ నెలరోజులు లెక్కపెట్టించాం. వాళ్ల నాయినకు డూప్లికేట్ చాబీ చేయించుకోక తప్పలేదు.

పది గంటలకల్లా రండి. శనివారం రావద్దు, ఆ రోజు కేంద్రానికి తాళం ఉంటుంది.